‘గెట్’ అంటే ‘పొందుట’ అని ఎవరు చెప్పారు?

విజయవాడ బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులకు వెళ్ళే పిల్లలు ఎవరి నోట్సు తెరిచినా మొదటి పేజీల్లో వెర్బుల పట్టిక ఒకటి కనిపిస్తుంది. ఎవరో ఎప్పుడో చేత్తో రాసింది, జిరాక్స్‌కు జిరాక్స్ తీసీ తీసీ అంచుల్లో అక్షరాలు తెగిపోయి ఉంటాయి. వి1, వి2, వి3, నాలుగో గడిలో తెలుగు అర్థం. గో – వెంట్ – గాన్ – వెళ్ళుట. ఈట్ – ఏట్ – ఈటెన్ – తినుట. గెట్ – గాట్ – గాటెన్ – పొందుట.

వెళ్ళుటతో, తినుటతో పేచీ లేదు. ఈ పొందుటతోనే.

‘పొందు’ అనే మాట మన ఇళ్ళల్లో ఎప్పుడైనా వినపడుతుందా? సన్మానం పొందారు, పురస్కారం పొందారు, మోక్షం పొందాడు. పేపర్లో, మైకులో, శిలాఫలకం మీద ఉండే మాట అది. గెట్ వంటింటి మాట, బస్సు మెట్టు మీది మాట, పొద్దున లేవగానే అమ్మ పిల్లల మీద వేసే కేక. ఇంత ఇంటి మాటకు అంత సభ మాటను అర్థంగా రాసిచ్చాక పిల్లాడు దాన్ని నోట్సులోనే వదిలేసి వస్తాడు. వాడికి జ్వరం వచ్చిందనుకోండి. బుర్రలో మెదిలేది ‘జ్వరం వచ్చింది’. ‘నేను జ్వరమును పొందితిని’ అని ఎవరికీ మెదలదు కదా. వచ్చింది అంటే కేమ్. ‘ఫీవర్ కేమ్ టు మీ సర్.’ క్లాసంతా నవ్వుతుంది. ఆ తప్పు వాడిది కాదు, నాలుగో గడిది.

ఇంగ్లీషు గెట్‌తో తెలుగువాడికి పుట్టుకతోనే పరిచయం ఉందనీ, మన పట్టికలే దాన్ని పరాయిదాన్ని చేశాయనీ నా వాదన. అర్థం విషయంలోనూ అంతే, పలకడంలోనూ అంతే.

నాకు వచ్చింది, నాకు పట్టింది, నాకు తగిలింది

మే నెల విజయవాడలో ఒక మనిషి ఒక్క రోజులో అనగలిగే మాటలు చూడండి. నాకు చెమట పట్టింది. ఎండదెబ్బ తగిలింది. ఆకలి వేసింది. జలుబు చేసింది. జ్వరం వచ్చింది. బస్సులో సీటు దొరికింది. మంచి రోజైతే నాకు ఉద్యోగం వచ్చింది. ఇంకా మంచి రోజైతే పెళ్ళయింది. చివరికి, అర్థమైంది.

పట్టు, తగులు, వేయు, చేయు, వచ్చు, దొరుకు, అవు. ఆకలి ‘వేయడం’ ఏమిటి, జలుబు ‘చేయడం’ ఏమిటి అని మనం ఎప్పుడూ అడగం. తెలుగు నేర్చుకునే పరాయివాళ్ళు మాత్రం ఇక్కడే తల పట్టుకుంటారు. ఈ క్రియలన్నిటికీ కలిపి ఇంగ్లీషువాడి దగ్గర ఉన్నది ఒక్కటే. గాట్ స్వెటీ, గాట్ సన్‌స్ట్రోక్, గాట్ హంగ్రీ, గాట్ ఎ కోల్డ్, గాట్ ఎ ఫీవర్, గాట్ ఎ సీట్, గాట్ ఎ జాబ్, గాట్ మ్యారీడ్, గాట్ ఇట్.

మన వాక్యాల్లో మనిషి ఎక్కడ ఉన్నాడో గమనించండి. ‘నాకు’ అని ఒక పక్కన నిలబడి ఉన్నాడు. వచ్చేదీ, పట్టేదీ, తగిలేదీ వేరే ఏదో. బళ్ళో ‘కి, కు, యొక్క, లో, లోపల – షష్ఠీ విభక్తి’ అని వల్లెవేశామే, ఆ కు. ఇంగ్లీషు చేసేది చిన్న పనే: ఆ ‘నాకు’ను ‘నేను’ చేసి ముందుకు లాగుతుంది, చివర ఉన్న రకరకాల క్రియలను తీసేసి అన్నిటికీ గెట్ తగిలిస్తుంది. అంటే తెలుగు వాక్యంలో ‘నాకు’ ఉండి, ఇంతకుముందు లేనిది ఒకటి కొత్తగా జరిగితే అది సాధారణంగా ‘ఐ గాట్’ అవుతుంది. పొందుట కంటే ఈ ఒక్క సూత్రం ఎక్కువ దూరం తీసుకెళ్తుంది.

‘కొత్తగా’ అన్నది ముఖ్యం. నాకు జ్వరం ఉంది అంటే ‘ఐ హావ్ ఎ ఫీవర్’. వచ్చింది అంటే ‘గాట్’. లేని స్థితిలోంచి ఉన్న స్థితిలోకి మారడమే గెట్ పని. మరి ‘ఐ హావ్ గాట్ ఎ ఫీవర్’ అంటే? వచ్చి ఉంది, అంటే ఉంది. బ్రిటిష్ వాళ్ళ మాటల్లో ఈ ‘ఐవ్ గాట్’ అంతా ‘నా దగ్గర ఉంది’ అనే చెబుతుంది. కాలం చూస్తే భూతంలా కనిపించినా అర్థం వర్తమానమే.

ఇంకో చిన్న సంగతి. కోల్డ్‌కు, ఫీవర్‌కు ముందు ‘ఎ’ ఉండాలి. ఫ్లూకు ‘ది’. మలేరియా, డెంగీ, టైఫాయిడ్‌లకు ఏమీ అక్కర్లేదు. దీనికి కారణం వెతక్కండి, బట్టీ పట్టండి.

సూత్రం తప్పే చోటు

గుంటూరు బ్రాడీపేటలో క్యాంపస్ ఇంటర్వ్యూల కోసం ప్రాక్టీసు పెట్టినప్పుడు జరిగిన ముచ్చట ఇది. నీలో లోపం ఏమిటని అడిగితే ఒక అమ్మాయి తడుముకోకుండా ‘ఐ గెట్ యాంగర్ ఫాస్ట్లీ సర్’ అంది. చెప్పించే ఆయన ఫాస్ట్లీ అనే మాట లేదని సరిచేశాడు. యాంగర్‌ను వదిలేశాడు. అసలు తప్పు అక్కడే ఉంది.

ఆ అమ్మాయి సూత్రాన్ని సరిగ్గానే పాటించింది. నాకు కోపం వస్తుంది, కోపం అంటే యాంగర్, వస్తుంది అంటే గెట్. చిక్కేమిటంటే తెలుగులో కోపం, భయం, ఆకలి, విసుగు, జ్వరం, జలుబు అన్నీ నామవాచకాలే. ఇంగ్లీషు వీటిని రెండు కుప్పలు చేస్తుంది. రోగాలు, వస్తువులు, ఉత్తరాలు, మార్కులు నామవాచకాలుగానే ఉంటాయి: గాట్ ఎ ఫీవర్, గాట్ ఎ లెటర్. మనసుకూ ఒంటికీ కాసేపు కలిగి పోయేవి విశేషణాలవుతాయి: గాట్ యాంగ్రీ, గాట్ స్కేర్డ్, గాట్ హంగ్రీ, గాట్ థర్స్టీ, గాట్ బోర్డ్. ‘గాట్ యాంగర్’, ‘గాట్ ఫియర్’ ఉండవు. ‘ఐ యామ్ గెటింగ్ ఎ డౌట్’ కూడా అంతే. సందేహం వచ్చింది అనేదానికి మాటకు మాట. దానికి ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ చాలు.

ఇక కొన్నిటికి గెట్ అసలు పనికిరాదు. నిద్ర పట్టింది అంటే ‘ఫెల్ అస్లీప్’. గుర్తొచ్చింది అంటే ‘రిమెంబర్డ్’. నవ్వొచ్చింది అన్నదానికి ‘ఫెల్ట్ లైక్ లాఫింగ్’ అని చుట్టు తిరగాల్సిందే. ‘నాకు ఈత వచ్చు’లోని వచ్చు వేరే కథ, అది కెన్. పెళ్ళి సంబంధం కలిసిన తర్వాత విభక్తి కూడా మారుతుంది. ఫలానా అమ్మాయితో పెళ్ళయింది అంటాం కాబట్టి ‘గాట్ మ్యారీడ్ విత్’ అంటారు. ఇంగ్లీషులో అక్కడ ‘తో’ లేదు, ‘కు’ ఉంది: ‘గాట్ మ్యారీడ్ టు’.

ఇన్ని మినహాయింపులు ఉన్నాయి కదా, పొందుటే నయం కాదా అని అడగొచ్చు. కాదు. సూత్రం పట్టుకుని తప్పు చేసినవాడికి దిద్దడానికి ఏదో ఒకటి ఉంటుంది. పొందుట నేర్చుకున్నవాడు గెట్ జోలికే పోడు, ఇక దిద్దేదేముంది?

బండి ఎవరు బాగుచేశారు?

‘ఐ రిపేర్డ్ మై బైక్ ఎస్టర్డే.’ బండి తీసుకెళ్ళి ఆటోనగర్‌లో వదిలి, టీ తాగి, సాయంత్రం డబ్బులిచ్చి తెచ్చుకున్నవాడు ఇలా అంటాడు. వినేవాడికి మాత్రం పానా పట్టుకుని, చేతులకు గ్రీజు పూసుకుని కూర్చున్నట్టు కనిపిస్తాడు. ‘ఐ కట్ మై హెయిర్’ ఇంకా ప్రమాదం: అద్దం ముందు కత్తెరతో నిలబడ్డాడని అర్థం.

విచిత్రం ఏమిటంటే ఈ తేడాను తెలుగు తప్పకుండా చూపిస్తుంది. చేశాను వేరు, చేయించాను వేరు, చేయించుకున్నాను వేరు. మూడేళ్ళ పిల్లాడు కూడా తినడాన్నీ తినిపించడాన్నీ కలపడు. ఇంత పదునైన ‘ఇంచు’ మన దగ్గర ఉండగా ఇంగ్లీషుకు వెళ్ళేసరికి దాన్ని గుమ్మం బయట వదిలేస్తున్నాం. కారణం మళ్ళీ నాలుగో గడే. గెట్‌కు ‘ఇంచు’ అనే అర్థం ఉందని అక్కడ రాసి లేదు.

ఐ గాట్ మై బైక్ రిపేర్డ్. ఐ గాట్ మై హెయిర్ కట్. ఇక్కడ ఎక్కువమంది తడబడేది వరస దగ్గర. ‘ఐ గాట్ రిపేర్డ్ మై బైక్’ అంటారు, ఇంగ్లీషులో క్రియ ముందు, కర్మ తర్వాత అని నేర్చుకున్నారు కాబట్టి. గాట్ దాటిన తర్వాత వరస తెలుగుదే అనుకోండి: ముందు వస్తువు, తర్వాత దానికి జరిగిన పని. బైక్ – రిపేర్డ్. హెయిర్ – కట్. జిరాక్స్ షాపులో ‘ఈ సర్టిఫికెట్లు లామినేషన్ చేయించాలి’ అన్నట్టే, సర్టిఫికెట్స్ – లామినేటెడ్. చివరి మాట మూడో గడిలోది, అంటే వి3, అయ్యుండాలి.

పని చేసినవాణ్ణి కూడా చెప్పాలంటే, అంటే మన ‘చేత’ రావాలంటే, ‘టు’ ఒకటి వచ్చి చేరుతుంది: ఐ గాట్ ది మెకానిక్ టు చెక్ ది బ్రేక్స్. మేక్, హావ్‌లతో ఆ ‘టు’ ఉండదు: ఐ హ్యాడ్ ది మెకానిక్ చెక్ ది బ్రేక్స్. అర్థంలోనూ సన్నటి తేడా ఉంది. హ్యాడ్ అంటే పురమాయించాను, అతను చేశాడు. గాట్ అంటే బతిమాలో, రెండుసార్లు ఫోన్ చేసో, ఎదురుగా నిలబడో చేయించాను. ఆటోనగర్‌కు ఏది సరిపోతుందో వేరే చెప్పక్కర్లేదు.

ప్రభుత్వ ఆఫీసుల వరండాల్లో రోజూ వినపడే మాటతో దీన్ని ఇంకా దగ్గరగా చూడొచ్చు. ‘ఐ వాజ్ ట్రాన్స్‌ఫర్డ్ టు మాచర్ల’ అంటే బదిలీ చేశారు, పైవాళ్ళ నిర్ణయం, కాగితం మీద ఉన్నట్టే చెప్పాడు. ‘ఐ గాట్ ట్రాన్స్‌ఫర్డ్ టు మాచర్ల’ అంటే బదిలీ అయింది, వచ్చి నా నెత్తిన పడింది అనే ధ్వని ఉంది. ‘ఐ గాట్ మైసెల్ఫ్ ట్రాన్స్‌ఫర్డ్ టు విజయవాడ’ అంటే చేయించుకున్నాను. ‘ఐ గాట్ హిమ్ ట్రాన్స్‌ఫర్డ్ టు మాచర్ల’ అంటే చేయించాను. మధ్యలో ఆ మైసెల్ఫ్ ఒక్కటి తీసేస్తే సిఫార్సు మొత్తం మాయమైపోతుంది. చేశారు, అయింది, చేయించుకున్నాను, చేయించాను: తెలుగులో నాలుగు రూపాలు, ఇంగ్లీషులో మూడింటిని గెట్ ఒక్కటే మోస్తోంది. దీనికి ‘పొందుట’ రాసినవాళ్ళు ఈ వరండాల్లో ఎప్పుడూ నిలబడి ఉండరు.

‘పోవు’ సంగతి క్లుప్తంగా. తడిసిపోయాను, తప్పిపోయాను, ఇరుక్కుపోయాను, అలసిపోయాను. గాట్ వెట్, గాట్ లాస్ట్, గాట్ స్టక్, గాట్ టైర్డ్. మన చేతిలో లేకుండా జరిగిపోయిన వాటికి మనం పోవు పెడతాం, వాళ్ళు గెట్ పెడతారు. బీసెంట్ రోడ్డులో పండగ ముందు తప్పిపోయిన పిల్లాడు ‘ఐ మిస్డ్’ అనకూడదు. ‘ఐ గాట్ లాస్ట్’ అనాలి.

గెట్ రాయొద్దనే టీచర్లు

నా మాటకు అడ్డం వచ్చేవాళ్ళలో మొదటివాళ్ళు హైస్కూలు ఇంగ్లీషు టీచర్లు. కాంపోజిషన్‌లో గెట్ కనపడితే ఎర్ర సిరాతో సున్నా చుడతారు. రిసీవ్ రాయి, ఒబ్టెయిన్ రాయి, బికమ్ రాయి అంటారు. వాళ్ళ మాటలో న్యాయం ఉంది. ఆఫీసు ఉత్తరంలో ‘వి గాట్ యువర్ అప్లికేషన్’ అంటే పెళ్ళికి లుంగీ కట్టుకుని వెళ్ళినట్టు ఉంటుంది, అక్కడ ‘రిసీవ్డ్’ రాయాల్సిందే. గెట్‌కు అర్థాలు ఎక్కువ కాబట్టి, రాతలో ఏ అర్థమో తేలకపోతే ఇంకో మాట వెతకడం కూడా మంచిదే.

కానీ ఈ నిషేధం రాత దగ్గర ఆగలేదు, నోటిదాకా వచ్చింది. మన పిల్లలకు సెక్యూర్ తెలుసు, ఒబ్టెయిన్ తెలుసు, అచీవ్ తెలుసు. ‘ఐ సెక్యూర్డ్ నైంటీ టూ పర్సెంట్’ అని ఇంటర్వ్యూలో గడగడా చెబుతారు. అదే పిల్లలు హాస్టల్ రూమ్మేట్‌ను ‘నాకూ ఒక టీ తెచ్చిపెట్టు’ అని ఇంగ్లీషులో అడగలేరు. ‘గెట్ మీ ఎ టీ’ అనడానికి నోరు రాదు. పంచె కట్టడం నేర్పి లుంగీ నేర్పకపోతే ఇంట్లో ఏం కట్టుకుంటారు?

ఇంగ్లీషువాడి సంధులు

ఇప్పుడు పలకడం. గెట్ అనే మాట విడిగా పలికే సందర్భం ఇంగ్లీషులో దాదాపు రాదు. పక్క మాటతో కలిసే వస్తుంది, కలిసిన ప్రతిసారీ దాని ట మారుతుంది. మనం నేర్పేదేమో విడి మాట. సంధి తెలియకుండా పద్యం చదివించినట్టు.

ముందు ఆ ట ఎక్కడ పుడుతుందో చూద్దాం. మన త అనేటప్పుడు నాలుక కొన పళ్ళకు తగులుతుంది. మన ట అనేటప్పుడు కొన వెనక్కి మడుచుకుని అంగిటిని తాకుతుంది. ఇంగ్లీషు ట ఈ రెండిటికీ మధ్యలో, పైపళ్ళ వెనక చిగురు ఉబ్బెత్తుగా ఉండే చోట. ఆ చోటు మనకు కొత్తదేం కాదు. ‘ల’ అనబోయి నాలుక ఆనించి ఆపండి. అక్కడే. అక్కడినుంచి కదలకుండా ట అనండి. ముందున్న అచ్చుతో బాధ లేదు, చెట్టులో ఉన్న ఎ సరిపోతుంది. చెట్టులో చ తీసి గ పెట్టుకోండి.

చెట్టు అన్నాను కాబట్టి మొదటి చిక్కు అక్కడే. తెలుగు మాట హల్లు మీద ఆగడానికి ఇష్టపడదు. బస్ బస్సైంది, నట్ నట్టైంది, సెట్ సెట్టైంది. గెట్ కూడా గెట్టు అవుతుంది. ఒక్క హల్లు రెండయింది, చివర ఉకారం చేరింది. ‘గెట్టు మీ, గెట్టు బ్యాకు’ అని వినపడేది ఇందుకే. ఇంగ్లీషులో గెట్ తర్వాత మ, బ, ద లాంటి హల్లు వస్తే ట పేలదు. నాలుక ఆనుతుంది, గాలి ఆగుతుంది, వదలకుండానే నోరు తర్వాతి హల్లుకు వెళ్ళిపోతుంది. మనకు ఇది రాదనుకోకండి. ‘గట్టి’ అని నెమ్మదిగా అనండి. మొదటి ట్ దగ్గర నాలుక అతుక్కుని ఒక క్షణం నిశ్శబ్దం ఉంటుంది. ఆ నిశ్శబ్దమే గెట్ మీ, గెట్ బ్యాక్‌లలోని ట. రెండో ట దాకా వెళ్ళకుండా ఆగిపోవడమే చేయాల్సింది.

తర్వాత అచ్చు వస్తే? గెట్ + అప్ = గెటప్. గెట్ + ఔట్ = గెటౌట్. గెట్ + ఇట్ = గెటిట్. ఒక్క ట, తర్వాతి అచ్చును ఎక్కించుకుంటుంది. మనవాళ్ళు ‘గెట్టప్’, ‘గెట్టవుట్’ అంటారు. అనరా మరి? నడు + ఇల్లు = నట్టిల్లు, చిఱు + ఎలుక = చిట్టెలుక అని ద్విరుక్తటకార సంధి చేసుకున్న నోరు. మనకు ఒత్తు ఉందా లేదా అన్నదానితో అర్థమే మారిపోతుంది, అటు వేరు, అట్టు వేరు. ఇంగ్లీషు మాట లోపల అలాంటి ఒత్తు లేదు. గెటింగ్ స్పెల్లింగులో రెండు ‘టి’లు ఉన్నాయి కదా అంటారు. అవి ఒత్తు కోసం కాదు, ముందున్న అచ్చును పొట్టిగా ఉంచడానికి కాపలా. ఒక ‘పి’ ఉంటే హోపింగ్, రెండుంటే హాపింగ్: మారింది పకారం కాదు, అచ్చు. కాబట్టి గెట్టింగ్ కాదు, గెటింగ్.

అయితే ఒక్క చోట మన ఒత్తే గెలుస్తుంది. గెట్ + టు. ‘హౌ డు ఐ గెట్ టు ది బస్టాండ్?’ ఇక్కడ రెండు ట లు విడివిడిగా పలకరు. నాలుక ఒకసారి ఆనుతుంది, కాస్త ఎక్కువసేపు ఉంటుంది, ఒకసారి వదులుతుంది. అచ్చంగా గెట్టు. విడిగా పలికితే తప్పైన గెట్టు, బస్టాండుకు దారి అడిగేటప్పుడు ఒప్పు.

గెట్ + యు అయితే గెచ్యు అవుతుంది. గాట్ + యు అయితే గాచ. ట వెళ్ళి య తో కలిసి చ అయింది. విడ్డూరంగా ఉందంటారేమో. సత్ + చరిత్ర = సచ్చరిత్ర అని శ్చుత్వ సంధి చదివాం, సంధ్యకు వికృతి సంజ అని రాశాం. తాలవ్యం పక్కన చేరితే దంత్యం దాని దారి పట్టడం మన వ్యాకరణానికి పాత వార్తే.

అమెరికావాళ్ళ నోట్లో ఇంకొకటి జరుగుతుంది. రెండు అచ్చుల మధ్య పడ్డ ట ను వాళ్ళు ఆనించరు, నాలుక కొనతో ఒక్కసారి తట్టి వదిలేస్తారు. గెట్ ఇట్ వాళ్ళ నోట గెరిట్. గెట్ అప్ గెరప్. పుస్తకాల్లో దాన్ని డ అని రాస్తారు, మన చెవికి కొంత డ లానే తోస్తుంది. నోటికి మాత్రం మన ‘ఊరు’లోని ర దగ్గర. ఊరు అనేటప్పుడు నాలుక చేసే పనే అది. గరిటె పట్టుకుని అన్నం వడ్డించేవాళ్ళకు గెరిట్ కష్టమా?

ఊనిక గురించి ఒక్క మాట. క్రియ అయితే బరువు రెండో ముక్క మీద పడుతుంది: గెట్‌–అప్‌లో ‘అప్’ సాగుతుంది, పైకి లేస్తుంది. నామవాచకమైతే మొదటి ముక్క మీద. మన సినిమావాళ్ళు హీరో గెటప్ మార్చాడు అనేది ఈ నామవాచకమే. పిల్లాణ్ణి నిద్ర లేపుతూ మొదటి ముక్క నొక్కి ‘గెటప్’ అంటే వేషం అన్నట్టు. తెలుగులో ఊనికతో అర్థం మారదు కాబట్టి మన చెవి దీన్ని పట్టించుకోదు.

మనం వాళ్ళలా ఎందుకు మాట్లాడాలి?

ఈ ప్రశ్న రావాలి, వస్తుంది కూడా. విజయవాడవాడు విజయవాడ ట తో ఇంగ్లీషు మాట్లాడితే కొంప మునగదు. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. గెరిట్ అని నోరు వంకర తిప్పుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు, విన్నవాళ్ళకు కొంచెం ఎబ్బెట్టుగా కూడా ఉంటుంది. ఒత్తు తగ్గించి, చివరి ఉకారం తీసేస్తే చాలు, మిగతా యాస మనదే ఉండనివ్వండి.

చెవి సంగతి వేరు. విజయవాడ పడమటలో ఒక ఇంట్లో రాత్రిపూట అమెరికా క్లయింట్‌తో కాల్ నడుస్తోంది. అవతలివాడు ‘డిజ్యు గెరిట్?’ అన్నాడు. కుర్రాడు ‘పార్డన్’ అన్నాడు. మళ్ళీ గెరిట్, మళ్ళీ పార్డన్. మూడోసారి అవతలివాడు ‘రిసీవ్’ అన్నాక వెలిగింది. డిడ్, యు, గెట్, ఇట్ నాలుగూ అతనికి ఒకటో తరగతి నుంచి తెలుసు. వాటి సంధి రూపం మాత్రం ఎప్పుడూ చూపించలేదు. ‘వాడేంటంటాడు’ను వాడు, ఏమిటి, అంటాడు అని విడివిడిగా మాత్రమే విన్నవాడు మన వీధిలో ఎంత తెల్లమొహం వేస్తాడో అతనూ అంతే.

దీనికి మందు ఉచ్చారణ క్లాసు కాదు, వినికిడి. రాతప్రతి ఉన్న ఆడియో ఒక్క నిమిషం తీసుకోండి. ప్రతిలో గెట్, గాట్ ఉన్న ప్రతి చోటా పెన్సిలుతో గుర్తు పెట్టండి: ఒత్తు వినపడితే ట్ట, తట్టి వదిలితే ర, కలిసిపోతే చ, మింగేస్తే సున్నా. తర్వాత ఏ హల్లు లేక అచ్చు ముందు ఏది వచ్చిందో చూసుకుంటే పైన చెప్పిన సంధులు మీకే కనపడతాయి. ఒక నిమిషం ముక్కను అయిదారుసార్లు వినాలి, కొత్త ముక్కకు తొందరపడకూడదు. చాలామంది గంట సినిమా చూసి ఏమీ పట్టుకోరు, ఎందుకంటే కింద సబ్‌టైటిల్స్ చదువుతూ ఉంటారు.

దిగడం గొడవ

బస్సు దిగడాన్ని మనం ‘గెట్ డౌన్’ అంటాం. తప్పని కొట్టేసేవాళ్ళున్నారు. బ్రిటన్‌లో, అమెరికాలో బస్సు, రైలు, విమానం, బైకులకు గెట్ ఆన్, గెట్ ఆఫ్. కారు, ఆటోలకు గెట్ ఇన్, గెట్ ఔట్. వంగి దూరి కూర్చోవాల్సినవాటికి ఇన్, నిలబడి ఎక్కేవాటికీ మీదెక్కి కూర్చునేవాటికీ ఆన్ అనుకుంటే గుర్తుంటుంది. గెట్ డౌన్ వాళ్ళకు చెట్టు మీంచో నిచ్చెన మీంచో దిగడం, లేదా తల వంచి కిందికి నక్కడం. మన ‘దిగు’లో కిందికి అనే భావం ఉంది కాబట్టి డౌన్ వచ్చి చేరింది. నెహ్రూ బస్టాండులో గెట్ డౌన్ అంటే తెలియని కండక్టర్ లేడు, దేశమంతా అదే మాట. అందుకని దీన్ని తప్పు కింద వేయను. పరీక్ష రాసేటప్పుడు, విమానం దిగేటప్పుడు గెట్ ఆఫ్, ఇంటి దగ్గర గెట్ డౌన్. రెండు మాటలు తెలిసి ఉండటం బరువేం కాదు.

ఇంతకీ ఈ గెట్ అచ్చ ఇంగ్లీషు మాట కూడా కాదు. ఇంగ్లండు మీదికి దండెత్తి వచ్చి అక్కడే కాపురాలు పెట్టిన నార్వే, డెన్మార్క్ వైపు నార్స్ వాళ్ళ ‘గెటా’ నుంచి వచ్చింది. పాత ఇంగ్లీషులో దీని చుట్టం ఫర్గెట్‌లో ఉండేది, అప్పట్లో దాన్ని గకారంతో కాక యకారంతో పలికేవారు. జెమ్, జెంటిల్ అని స్పెల్లింగు చూసి జ పలికే చోట గెట్‌లో మాత్రం గట్టి గ ఉండటం ఆ నార్స్ చలవే. టేక్, దే, ఎగ్, స్కై కూడా అటునుంచి వచ్చినవే. ఖర్చు, జవాబు, దుకాణం మన మాటలు కావని గింజుకునేవాళ్ళకు ఇది చూపించొచ్చు.

ఆ పట్టికలో మూడో గడి మిగిలింది, గాటెన్. ఇది ఒకప్పుడు ఇంగ్లండులోనూ ఉన్న రూపమే. అక్కడ ఇప్పుడు ఫర్గాటెన్ లాంటి మాటల్లో తప్ప పెద్దగా వాడరు, వి3 కూడా గాట్ అనే అంటారు. అమెరికాలో రెండూ ఉన్నాయి, తేడాతో ఉన్నాయి: ‘ఐవ్ గాట్ ఎ కార్’ అంటే కారు ఉంది, ‘ఐవ్ గాటెన్ ఎ కార్’ అంటే కారు సంపాదించాను. పలికేటప్పుడు ట కూ న కూ మధ్య ఎకారం లేదు. ‘రత్నం’లో త్ నుంచి న్‌కు నాలుక కదలకుండా గాలి ముక్కులోంచి వెళ్ళిపోతుందే, అలా గాట్న్.

నాలుగో గడిలో ‘పొందుట’ కొట్టేసి ‘నాకు వచ్చింది, చేయించాను, తడిసిపోయాను’ అని రాయాలంటే ఆ జిరాక్స్ కాగితంలో చోటు చాలదు. గళ్ళు మళ్ళీ గీసి, కాగితాన్ని అడ్డంగా తిప్పి, కొత్తగా కాపీలు తీయించాలి. తీయించడం అంటే గుర్తుంది కదా, ముందు వస్తువు, తర్వాత పని: గెట్ ఇట్ ఫొటోకాపీడ్.